గోడలోంచి వచ్చే వెలుగు

ఇంట్లో ఎక్కువసేపు ఉండేది ఎవరు? మనమే. వంట చేసేది, బియ్యం ఏరేది, పసిబిడ్డను పడుకోబెట్టేది మనమే. కానీ చాలా ఇళ్ళలో వంటగది పట్టపగలే చీకటిగా ఉంటుంది. పొయ్యి పొగ బయటికి పోదు. కళ్ళు మండుతాయి. దగ్గు వస్తుంది. బియ్యంలో రాయి కనబడదు.

“కిటికీ పెట్టిద్దాం” అంటే ఇంట్లోవాళ్ళు ఏమంటారు? “ఖర్చు ఎక్కువ” అంటారు. “దారినపోయేవాళ్ళు లోపలికి చూస్తారు” అంటారు. “దొంగల భయం” అంటారు.

ఈ మూడు మాటలకూ ఇటుకలతోనే జవాబు చెప్పిన మనిషి ఒకరున్నారు. ఆయన పేరు లారీ బేకర్.

బేకర్ గారు 1917లో ఇంగ్లండులో పుట్టారు. ఇళ్ళు కట్టే చదువు చదివారు. 1945లో మన దేశం వచ్చి, కుష్ఠు రోగుల కోసం భవనాలు కట్టే పని చేశారు. తర్వాత కేరళలో స్థిరపడ్డారు. అయిదు మైళ్ళ లోపల దొరికే వస్తువులతోనే ఇల్లు కట్టాలని గాంధీజీ తనతో అన్నారని ఆయన చెప్పేవారు. ఆ మాటనే పట్టుకున్నారు. పేదవాళ్ళకు తక్కువ ఖర్చులో ఇళ్ళు కట్టారు. 1990లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. 2007లో ఆయన చనిపోయారు.

బేకర్ గారి ఇళ్ళలో జాలీ గోడలు ఉంటాయి. జాలీ అంటే ఏమిటి? ఇటుకకూ ఇటుకకూ మధ్య కొంచెం ఖాళీ వదిలి గోడ కడతారు. గోడంతా చిన్న చిన్న కంతలు ఉంటాయి. వాటిలోంచి గాలి వస్తుంది. వెలుగు వస్తుంది. ఎండ ఒక్కసారిగా కళ్ళలో కొట్టదు. ముక్కలు ముక్కలై చల్లగా పడుతుంది.

కిటికీకి చట్రం కావాలి, తలుపులు కావాలి, ఊచలు కావాలి. జాలీకి ఇవేవీ అక్కర్లేదు. అందుకే ఖర్చు తక్కువ. లోపల ఉన్న మనకు బయట కనబడుతుంది. పగటిపూట బయటివాళ్ళకు లోపల సరిగా కనబడదు. కంతలు చిన్నవి కాబట్టి మనిషి దూరలేడు.

తిరువనంతపురంలో బేకర్ గారు కట్టిన ఇండియన్ కాఫీ హౌస్ ఉంది. అది గుండ్రటి భవనం. గోడ నిండా కంతలే. లోపల దారి చుట్టలు చుట్టుకుంటూ పైకి పోతుంది.

ఆయన చుట్టూ ఉన్న నేలను కూడా చూసేవారు. చెట్టు అడ్డం వస్తే చెట్టు కొట్టించేవారు కాదు. గోడనే వంపు తిప్పేవారు. చెట్టు నీడ ఇంటికి చలవ కదా!

మరి మన ఇంటికి ఏం చేసుకోవచ్చు?

పడమటి ఎండ సాయంత్రం గోడను కాలుస్తుంది. అటువైపు పెద్ద కిటికీ వద్దు. వేప చెట్టో, కానుగ చెట్టో పెంచుదాం. ఉత్తరం వైపు వెలుగు మెత్తగా ఉంటుంది. అటు కిటికీ మంచిది. గాలి రావడానికి ఒక దారి ఉంటే చాలదు, పోవడానికి ఎదురుగా ఇంకో దారి కావాలి. పొగ పైకి పోతుంది కాబట్టి, పొయ్యి ఉన్నచోట గోడ పైభాగంలో కంతలు వదలాలి.

జాలీకి జాగ్రత్తలు కూడా ఉన్నాయి. వాన జల్లు కొట్టే వైపు చూరు ముందుకు దించాలి. దోమలు రాకుండా వల కొట్టాలి. పైకప్పు బరువు మోసే గోడలో ఎంత మేర ఖాళీ వదలాలో అనుభవం ఉన్న మేస్త్రిని అడగాలి.

ఇల్లు ఇదివరకే కట్టేసి ఉంటే? లోపలి గోడలకు తెల్ల సున్నం వేయండి. వచ్చిన కాస్త వెలుగే రెట్టింపు అయినట్టుంటుంది. పెంకుటిల్లయితే వంటగది మీద ఒక గాజు పెంకు వేయించండి.

కొత్త ఇల్లు మంజూరైందా? అయితే ముగ్గు పోసే రోజునే మేస్త్రితో మాట్లాడండి. “వంటగదికి వెలుగు ఎటునుంచి వస్తుంది? పొగ ఎటు పోతుంది?” అని అడగండి. గోడలు లేచాక మార్చడం కష్టం. ఆ గదిలో రోజంతా ఉండేది మనం. అడిగే హక్కు మనకుంది.

ఆలోచించండి, మాట్లాడుకోండి:
1. మీ వంటగదిలో మధ్యాహ్నం లైటు లేకుండా ఈ పాఠం చదవగలరా?
2. మీ ఇంట్లోకి గాలి ఎటునుంచి వస్తుంది? ఎటు పోతుంది?
3. మీ ఊళ్ళో ఇల్లు కట్టడానికి దగ్గరలో దొరికే వస్తువులు ఏమిటి?