బోవాకి బువ్వ!

రాత్రి తొమ్మిది. స్నానాలగదిలో ఓ బకెట్, అందులో వేణ్నీళ్లు. నీళ్లలో మూతి బిగించిన ప్లాస్టిక్ కవరు. కవర్లో చచ్చిన తెల్లెలుక. ఆ బకెట్ మీద ‘దీన్ని ఇంకెవరూ వాడొద్దు’ అని పెద్దక్షరాల్లో రాసుంటుంది. బోవా కన్‌స్ట్రిక్టర్ అనే పామును పెంచుకునే అమెరికా ఇళ్లలో నెలకో రాత్రి దాదాపు ఇలాగే ఉంటుంది.

ఎలుకని ముందురోజే ఫ్రీజర్‌లోంచి తీసి, పాము కోసం విడిగా ఉంచుకున్న ఫ్రిజ్‌లో పెడతారు. గడ్డ పూర్తిగా కరిగాకే వేణ్నీళ్లు. మైక్రోవేవ్ జోలికి అసలు పోరు. అందులో పెడితే పైన ఉడుకుతుంది, లోపల మంచు అలాగే ఉంటుంది, ఒక్కోసారి పొట్ట పగిలిపోతుంది. ఆ తర్వాత అదే మైక్రోవేవ్‌లో పప్పు వేడి చేసుకోవాలంటే ఎవరికి మనసొప్పుతుంది? సాల్మొనెల్లా భయం సరేసరి.

ఇంతకీ చచ్చిన ఎలుకకి వెచ్చదనం ఎందుకు? బోవా వేటని వాసనతోపాటు వేడితోనూ పసిగడుతుంది. పైథాన్లకి ఉన్నట్టు పెదవుల మీద గుంటలేవీ కనపడవు కానీ, వేడిని గుర్తుపట్టే నాడులు దాని పొలుసుల కిందే ఉంటాయి. చల్లగా ఉన్న ఎలుకని చాలా బోవాలు ముట్టను కూడా ముట్టవు. అసలు ప్రమాదం మొదలయ్యేదీ ఇక్కడే. ఎలుకని పట్టుకున్న చెయ్యి ఎలుక వాసనే వేస్తుంది, పైగా వెచ్చగా ఉంటుంది. ఆ చేత్తోనే పెట్టె తలుపు తీస్తే పాము తప్పేముంది? పెంచినవాళ్లని గుర్తుపట్టి ఆగడానికి అదేమీ కుక్క కాదు.

అందుకే సబ్బుతో చేతులు కడుక్కుని, మూరెడు పొడవున్న పటకారుతో ఎలుకని అందిస్తారు. పాము ఆరడుగులు దాటితే గదిలో రెండో మనిషి ఉండి తీరాలి. ఆ జాతిలో ఆడవి పదడుగుల దాకా పెరుగుతాయి మరి. మిగతా రోజుల్లో పామును బయటికి తీసేముందు కొక్కెం కర్రతో ఒంటిమీద మెల్లగా తాకుతారు. ‘ఇది తిండి వేళ కాదు’ అని చెప్పడమన్నమాట. కొన్నాళ్లకి అది అలవాటు పడుతుంది. తినిపించడానికి పామును వేరే డబ్బాలోకి మార్చేవాళ్లూ ఉన్నారు. నాకైతే అది కొరివితో తల గోక్కోవడంలా కనిపిస్తుంది. నోట్లో ముద్ద ఉండగా ఆరడుగుల బోవాని ఎత్తుకుని వెనక్కి తేవాల్సింది మనమేగా!

కాటు పడనే పడితే చెయ్యి లాక్కోకూడదు. దాని పళ్లు వెనక్కి వంగి ఉంటాయి, లాగినకొద్దీ చర్మం చీరుకుపోతుంది. విషం లేదు కాబట్టి కంగారు పడకుండా దాని మూతి మీద చన్నీళ్లు పోయాలి. చుట్టలు విప్పాల్సి వస్తే తోక నుంచి మొదలుపెట్టాలి.

పటకారు చివరి ఎలుకని అందుకోవడానికి దానికి రెప్పపాటు చాలు. పట్టుకోవడం, చుట్టేయడం ఒకేసారి జరిగిపోతాయి. బోవా ఊపిరాడకుండా చంపుతుందని చాలాకాలం అనుకున్నారు. 2015లో పెన్సిల్వేనియాలోని డికిన్సన్ కాలేజీ పరిశోధకులు ఎలుకల రక్తపోటుని కొలిచి చూస్తే, చుట్ట బిగిసిన కొన్ని సెకన్లకే రక్తప్రసరణ కుప్పకూలుతోందని తేలింది. అంతకుముందు 2012లో, చచ్చిన ఎలుకలో కృత్రిమంగా కొట్టుకునే గుండె అమర్చి బోవాకి ఇచ్చారు. గుండె కొట్టుకుంటున్నప్పుడు అది ఎక్కువసేపు, ఎక్కువ బలంగా నొక్కింది. అంటే వేట గుండె చప్పుడు దాని ఒంటికి తెలుస్తోందన్నమాట. ఫ్రీజర్ ఎలుకని కొందరు పటకారుతో అటూ ఇటూ కదిలించేది కూడా, బతికున్న వేట అనిపించి పాము పట్టు బిగించాలనే.

‘బతికున్న ఎలుకని వేస్తేనే కదా సహజం’ అంటారు కొందరు. అడవిలో ఎలుకకి పారిపోయే దారి ఉంటుంది, అద్దాల పెట్టెలో ఉండదు. పాముకి ఆకలి లేక వదిలేస్తే, తెల్లారేసరికి ఆ ఎలుకే పాము వీపుని ఎముక కనపడేదాకా కొరికేసిన సందర్భాలు పశువైద్యులకి కొత్తేమీ కావు.

ఇవన్నీ ఒక ఎత్తు. పెంచేవాళ్ల ప్రేమ ఒక ఎత్తు. పెట్టె అద్దానికి మూతి ఆనించి పాము చూస్తే ‘పాపం, ఆకలేస్తోందేమో’ అనిపిస్తుంది. బోవా వేట కోసం రోజుల తరబడి కదలకుండా కాచుకోగల జీవి. పిల్ల బోవాకి పది, పద్నాలుగు రోజులకోసారి చాలు. పెద్దదానికి మూడు నాలుగు వారాలకోసారి, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా. ఎలుక లావు పాము ఒంట్లో బాగా లావున్న చోటుని మించకూడదు. వారం వారం మేపితే కొవ్వు పేరుకుని, కాలేయం దెబ్బతిని, పాతికేళ్లు బతకాల్సిన పాము సగంలోనే పోతుంది. ఆకలితో పోయే పెంపుడు బోవాల కన్నా అతిగా తిని పోయేవే ఎక్కువని నా అనుమానం. కుబుసం విడిచే ముందు కళ్లు పాలలా తెల్లబడి అది తిండి మానేస్తే, మాననివ్వాలి. మనం నాగులచవితికి పుట్టలో పాలు పోస్తాం కానీ, దానికి కావల్సింది శుభ్రమైన నీళ్లే.

తిన్నాక కనీసం 48 గంటలు ముట్టుకోకూడదు. పెట్టెలో వెచ్చటి వైపు 31 నుంచి 33 డిగ్రీల సెల్సియస్ ఉండాలి, లేకపోతే అరగదు. కక్కేస్తే వెంటనే ఇంకోటి పెట్టకూడదు. రెండు వారాలు ఆగి, అందులో సగం సైజుది పెట్టాలి. మళ్లీ మళ్లీ కక్కుతుంటే డాక్టరుకి చూపించాలి. బోవాలని చంపే ఒక వైరస్ జబ్బుకి అదీ ఒక లక్షణమే.

మన దగ్గర కొండచిలువనో, రెండు తలల పామునో ఇంట్లో పెట్టుకుంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. దక్షిణ అమెరికా బోవా సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో ఉంది కాబట్టి, దాన్ని పెంచుకునేవాళ్లు 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. కాగితాలు లేకుండా అమ్మేవాళ్ల దగ్గర కొనకండి.

కొనాలని గట్టిగా అనుకుంటే ఒక లెక్క వేసుకోండి. ఫిలడెల్ఫియా జూలోని పొపాయ్ అనే బోవా నలభై ఏళ్లు దాటి బతికింది. ముప్ఫై ఏళ్లే అనుకున్నా, ఏడాదికి పదమూడు చొప్పున దాదాపు నాలుగొందల ఎలుకలు. వాటికి ఫ్రీజర్‌లో చోటిస్తారో లేదో ముందు ఇంట్లోవాళ్లని అడగండి.