గొంతులో ముద్ద

చెప్పనలవికాని దుఃఖం కలిగినప్పుడు మనిషి కంఠం పూడుకొనిపోతుంది. తెలుగు కవులు ఈ స్థితిని ‘డగ్గుత్తిక’ అన్నారు. శకుంతలను అత్తవారింటికి సాగనంపే వేళ, అంతటి విరాగియైన కణ్వమహర్షికి సైతం కన్నీటిని ఆపుకోవడం వల్ల గొంతు పట్టివేసినట్లు కాళిదాసు చిత్రించాడు. దుఃఖావేశంలో శరీరానికి ఎక్కువ గాలి కావాలి. అందుకోసం స్వరపేటిక ద్వారం విచ్చుకొంటుంది. మ్రింగాలంటే అదే ద్వారం మూసుకోవాలి. ఈ పెనుగులాటే ముద్దగా తోస్తుందని శరీరశాస్త్రజ్ఞులు వివరిస్తారు. దుఃఖం తీరగానే ఆ ముద్ద కరిగిపోతుంది.

కొందరిలో అది కరగదు. నెలల తరబడి గొంతులో ఏదో అడ్డుపడినట్లే ఉంటుంది. చింతగింజ ఇరుక్కొన్నట్లుందని ఒకరంటే, వెంట్రుక చిక్కుకొన్నట్లుందని మరొకరంటారు. చైనా సంప్రదాయ వైద్యులు దీనిని ప్లమ్ పండు గింజతో పోల్చారు. విచిత్రమేమంటే, చిత్తూరు సీమలో ఈ బాధ ఉన్న మనిషి కూడా రాగిసంగటిని ఊరుబిండితో సునాయాసంగా తినగలడు. ఉత్త ఉమ్మి మ్రింగినప్పుడే అడ్డు తగులుతుంది. రాత్రి నిద్రపట్టని వేళ, ఇది రాచకురుపేమో, అంటే క్యాన్సరేమో అన్న భయం అతణ్ణి పట్టుకొంటుంది. అసలు బాధకంటె ఆ భయమే పెద్దది.

అన్నవాహిక మొదట ఉంగరం వంటి కండరం ఒకటి ఉంది. అది ఎల్లవేళలా బిగిసి ఉండి, మ్రింగేటప్పుడు మాత్రమే సడలుతుంది. ఆహారం సాఫీగా దిగిపోవడానికి కారణమిదే. ఈ కండరం అతిగా బిగుసుకొన్నప్పుడు ముద్ద ఉన్నట్లు తోచవచ్చు. పరీక్షల కాలంలోనూ, కుటుంబంలో కలతలు రేగినప్పుడూ ఈ బాధ ఎక్కువ కావడం కద్దు. జీర్ణాశయంలోని ఆమ్లం పైకి ఎగదన్నడం మరొక కారణం. ఆ ఆమ్లం గొంతుదాకా రానక్కరలేదు. అన్నవాహిక అడుగుభాగాన్ని తాకినా పైకండరం బిగుసుకోవచ్చు. ముక్కు వెనుకనుండి కారే శ్లేష్మం, వాచిన అవటుగ్రంథి కూడా ఇందుకు కారణాలు కావచ్చు. అనుమానంతో మాటిమాటికి ఉమ్మి మ్రింగడం, గొంతు సవరించుకోవడం వల్ల రాపిడి పెరిగి బాధ మరింత ముదురుతుంది.

గ్రీకు వైద్యుడు హిపోక్రటీసు కాలం నుండి ఈ బాధ తెలిసినదే. పాశ్చాత్యులు చాలాకాలం దీనిని స్త్రీల ఉన్మాదంగా భావించి, ‘గ్లోబస్ హిస్టెరికస్’ అని పిలిచారు. స్త్రీల బాధను తేలికగా కొట్టిపారేయడానికి ఇటువంటి పేర్లు బాగా పనికివచ్చాయి! 1707లో జాన్ పర్సెల్ అనే ఆంగ్ల వైద్యుడు దీనికి మెడకండరాల బిగువు కారణమని ఊహించాడు. రోగులలో చాలామందికి ఉన్మాదమేమీ లేదని గమనించిన మాల్కమ్సన్, 1968లో ‘గ్లోబస్ ఫారింజియస్’ అనే పేరు పెట్టాడు. నేటి లెక్క ప్రకారం ఇది పురుషులకూ దాదాపు అంతే తరచుగా వస్తుంది.

ఉపశమన మార్గాలు సులభమైనవే. ఉమ్మి మ్రింగాలనిపించినప్పుడు ఒక గుక్క మంచినీరు త్రాగాలి. ఆమ్లం ఎగదన్నేవారు కారం, పులుపు, కాఫీ తగ్గించాలి. రాయలసీమ వాసులకు ఇది కొంచెం కష్టమే. రాత్రి భోజనానికీ నిద్రకూ మధ్య రెండు మూడు గంటల వ్యవధి ఉండాలి. మంచం తలవైపు ఎత్తుగా ఉండాలి. నేటి తిరుపతి జిల్లాలోని సురుటుపల్లిలో, గరళం మ్రింగిన శివుడు పార్వతి ఒడిలో తల ఉంచి శయనించి ఉంటాడు. గరళకంఠునికి చెల్లినది భోజనం చేసినవారికి చెల్లదు.

అయితే అన్నం దిగకపోయినా, మ్రింగేటప్పుడు నొప్పి కలిగినా, అడ్డు ఒకేవైపు తోచినా, గొంతు మూడువారాలు దాటి బొంగురుగా ఉన్నా, మెడలో గడ్డ తగిలినా, ఉమ్మిలో రక్తం పడినా, అకారణంగా బరువు తగ్గినా ఆలస్యం చేయరాదు. పొగాకు అలవాటున్నవారు మరీ జాగ్రత్తపడాలి. తిరుపతి రుయా వంటి ప్రభుత్వ ఆసుపత్రులలో చెవి, ముక్కు, గొంతు విభాగాలున్నాయి. వైద్యుడు ముక్కుగుండా సన్నని గొట్టం పంపి కంఠాన్ని కొద్ది నిమిషాలలోనే పరిశీలించగలడు. లోపల ఏమీ లేదని రూఢిగా తెలిసిన తరువాత చాలామందిలో ముద్ద క్రమంగా పలుచబడుతుంది. అప్పటికీ తగ్గనివారికి ఆవులింతల వంటి వ్యాయామాలతో కంఠకండరాలను సడలించడం నేర్పుతారు.