ఓవర్‌క్లాకింగ్: మే ఎండల్లో పీసీకి లిక్విడ్ కూలర్ పెడితే సరిపోతుందా? బాన్సువాడలో లెక్క వేరు!

పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే బాన్సువాడ ఫొటో స్టూడియోల్లో సిస్టమ్‌లకు రెస్ట్ ఉండదు. 4కే వీడియోల ఎడిటింగ్, రెండరింగ్ రాత్రీ పగలూ నడుస్తూనే ఉంటుంది. సరిగ్గా మధ్యాహ్నం రెండు గంటలకు, రెండర్ 80 శాతం దాటాక స్క్రీన్ నల్లగా అయిపోతే? మళ్లీ మొదటి నుంచి మొదలు. ఇంట్లో సొంతంగా గేమింగ్ పీసీ బిగించుకున్న కుర్రాళ్లకూ ఇదే తలనొప్పి. జనవరిలో స్మూత్‌గా నడిచిన గేమ్ మే నెలలో ఆగి ఆగి నడుస్తుంది.

అప్పుడు అందరూ యూట్యూబ్‌లో వెతికేది రెండు మాటలు.. ఓవర్‌క్లాకింగ్, లిక్విడ్ కూలింగ్. స్పీడ్ పెంచేద్దాం, వేడెక్కితే నీళ్లు చూసుకుంటాయిలే అనుకుంటారు. చాలామంది డబ్బులు వృథా అయ్యేది ఇక్కడే.

ఇంతకీ ఓవర్‌క్లాకింగ్ అంటే ఏంటి?

ప్రాసెసర్ 5 గిగాహెర్ట్జ్‌లో నడుస్తోందంటే దాని క్లాక్ సెకనుకు 500 కోట్ల సార్లు కొట్టుకుంటోందని అర్థం. కంపెనీ పెట్టిన ఆ స్పీడ్‌ను మనమే బయోస్‌లోకి వెళ్లి పెంచుకోవడమే ఓవర్‌క్లాకింగ్. అన్ని చిప్‌లకూ ఇది కుదరదు. ఇంటెల్‌లో పేరు చివర 'కె' ఉండాలి, దానికి తోడు జెడ్ సిరీస్ మదర్‌బోర్డు ఉండాలి. ఏఎండీ రైజెన్‌లో చాలా చిప్‌లకు బి సిరీస్ బోర్డు చాలు. 'కె' లేని చిప్ కొని, ఎప్పుడైనా ఓవర్‌క్లాక్ చేద్దామని ఖరీదైన జెడ్ బోర్డు తెచ్చుకునే వాళ్లున్నారు. ఆ అదనపు డబ్బు దండగే.

స్పీడ్ పెంచితే చిప్ నిలకడగా నడవడానికి వోల్టేజ్ కూడా పెంచాల్సి వస్తుంది. అసలు చిక్కు ఇదే. వేడి స్పీడ్‌తో పాటు సమానంగా పెరిగితే ఇబ్బంది లేదు. కానీ వోల్టేజ్ విషయంలో వర్గం లెక్కన పెరుగుతుంది. ఉదాహరణకు 5.0 నుంచి 5.3 గిగాహెర్ట్జ్‌కు వెళ్లడానికి వోల్టేజ్‌ను 1.20 నుంచి 1.35కు పెంచారనుకుందాం. స్పీడ్ పెరిగింది 6 శాతం. కరెంటు వాడకం, దాంతో వేడి పెరిగేది సుమారు 34 శాతం! అంటే 150 వాట్ల చిప్ 200 వాట్లకు చేరుతుంది. ప్రతిఫలంగా గంట పట్టే రెండర్ మహా అయితే 3 నిమిషాల ముందు పూర్తవుతుంది.

నీళ్లు వేడిని మాయం చేయవు

లిక్విడ్ కూలర్‌ను ట్రాక్టర్ రేడియేటర్‌తో పోల్చి చూడండి. ప్రాసెసర్ మీద రాగి పలక ఉంటుంది. చిన్న పంపు లోపలి ద్రవాన్ని పలక మీదుగా పారించి, పైపుల ద్వారా రేడియేటర్‌కు పంపిస్తుంది. అక్కడ ఫ్యాన్లు ఆ వేడిని గదిలోకి ఊదేస్తాయి. చివరికి వేడి వెళ్లేది గది గాలిలోకే. అందుకే ఎంత ఖరీదైన లిక్విడ్ కూలర్ అయినా చిప్‌ను గది ఉష్ణోగ్రత కంటే చల్లగా చేయలేదు. అది ఫ్రిజ్ కాదు.

ఇప్పుడు మన ఊరి లెక్క చూద్దాం. ఫుల్ లోడ్ మీద మీ చిప్, గది కంటే 50 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటుందనుకోండి. రివ్యూ చేసేవాళ్ల ఏసీ గదిలో 25 డిగ్రీలుంటే చిప్ 75 డిగ్రీల దగ్గర ఆగుతుంది. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. ఉమ్మడి నిజామాబాద్ జిల్లాలో మే నెలలో బయట 44, 45 డిగ్రీలు కొత్తేమీ కాదు. ఏసీ లేని గదిలో మధ్యాహ్నం 40 ఉన్నా చిప్ 90కి వెళ్తుంది. దాని మీద ఓవర్‌క్లాక్ చేసి 34 శాతం వేడి కలిపితే ఆ 50 కాస్తా 67 అవుతుంది. మొత్తం 107. ఇంటెల్ చిప్‌లు సాధారణంగా 100 డిగ్రీల దగ్గర, రైజెన్ 7000, 9000 సిరీస్‌లో చాలా చిప్‌లు 95 దగ్గర తమంతట తామే స్పీడ్ తగ్గించుకుంటాయి. అంటే కష్టపడి పెంచిన 6 శాతం పోగా, ఇంకొంచెం వెనక్కే వెళ్తాం. రేకుల ఇల్లయితే ఇక చెప్పక్కర్లేదు.

ఇంకో విషయం చాలామంది గమనించరు. లిక్విడ్ కూలర్‌లోని ద్రవం పూర్తిగా వేడెక్కడానికి పది, ఇరవై నిమిషాలు పడుతుంది. ఐదు నిమిషాలు టెస్ట్ నడిపి "సూపర్‌గా ఉంది" అనుకుంటే మోసపోయినట్టే. సినీబెంచ్ లాంటి టెస్ట్‌ను కనీసం అరగంట, అది కూడా మధ్యాహ్నం పూట నడిపి హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో టెంపరేచర్ చూడండి.

మరి రికార్డుల సంగతేంటి?

2023లో ఇంటెల్ కోర్ ఐ9-14900కెఎఫ్‌ను 9 గిగాహెర్ట్జ్ దాటించారు కదా అంటారేమో. నిజమే. కానీ అక్కడ వాడింది ద్రవ హీలియం. అది మైనస్ 269 డిగ్రీల దగ్గర మరుగుతుంది! ఆ రికార్డు కాసేపటి ముచ్చట, రోజూ పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే పద్ధతి కాదు.

వోల్టేజ్ ఎక్కువైతే ఏమవుతుందో 2024లో అందరూ చూశారు. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ చిప్‌లు కొన్ని ఓవర్‌క్లాక్ చేయకుండానే క్రాష్ అవడం మొదలైంది. చిప్‌కు అవసరానికి మించి వోల్టేజ్ వెళ్లడమే ప్రధాన కారణమని తేలింది. కంపెనీ మైక్రోకోడ్ అప్‌డేట్ ఇచ్చి, వారంటీని మరో రెండేళ్లు పెంచింది. ఆ తరం చిప్ మీ దగ్గర ఉంటే ఓవర్‌క్లాకింగ్ మాట పక్కన పెట్టి ముందు బయోస్ అప్‌డేట్ చేయండి. అప్‌డేట్‌తో కొత్త నష్టం ఆగుతుంది కానీ, ఇప్పటికే దెబ్బతిన్న చిప్ బాగవదు. ఇక ఓవర్‌క్లాకింగ్ వల్ల చిప్ పాడైతే వారంటీ వర్తించకపోవచ్చని ఇంటెల్, ఏఎండీ రెండూ ముందే చెబుతున్నాయి.

రివర్స్‌లో వెళ్తే లాభం!

మన వాతావరణానికి బాగా పనికొచ్చే ట్రిక్ అండర్‌వోల్టింగ్. అంటే స్పీడ్‌ను అలాగే ఉంచి వోల్టేజ్ తగ్గించడం. పై ఉదాహరణలోనే 1.20ని 1.10కి తగ్గిస్తే వేడి 16 శాతం తగ్గుతుంది. 40 డిగ్రీల గదిలో 90 ఉన్న చిప్ 82కి దిగుతుంది. పైసా ఖర్చు లేదు. రైజెన్‌లో దీనికి 'కర్వ్ ఆప్టిమైజర్' అనే ఆప్షన్ ఉంటుంది. అన్ని చిప్‌లూ ఒకేలా తట్టుకోవు కాబట్టి కొంచెం కొంచెంగా తగ్గిస్తూ, ప్రతిసారీ టెస్ట్ చేయాలి. నిజం చెప్పాలంటే ఓవర్‌క్లాకింగ్ వీడియోలకు వచ్చినన్ని వ్యూస్ దీనికి రావు. పని మాత్రం ఇదే చేస్తుంది.

లిక్విడ్ కూలరే కావాలంటే..

వద్దని కాదు. 200 వాట్లు దాటే పెద్ద చిప్‌లకు 360 ఎంఎం రేడియేటర్ ఉన్న కూలర్ బాగా ఉపయోగపడుతుంది. కాకపోతే మంచి ఎయిర్ కూలర్‌లో ఫ్యాన్ పోతే కొన్ని వందల్లో కొత్తది వేసుకోవచ్చు. లిక్విడ్ కూలర్‌లో పంపు పోతే దాదాపు మొత్తం సెట్ మార్చాల్సిందే. బాన్సువాడలో ఆ పార్టు దొరక్కపోతే హైదరాబాద్ నుంచి వచ్చేదాకా స్టూడియో పని ఆగినట్టే.

బిగించేటప్పుడు రేడియేటర్ పై భాగం పంపు కంటే ఎత్తులో ఉండాలి. లేదంటే లోపలి గాలి బుడగలు పంపులోకి చేరతాయి. బుడబుడ శబ్దం వస్తోందంటే మొదట చూడాల్సింది ఇదే. సొంతంగా పైపులు వేసి కస్టమ్ లూప్ కట్టుకునేవాళ్లు బోరు నీళ్లు అస్సలు పోయొద్దు, ఉప్పు పేరుకుపోతుంది. పీసీ కోసం తయారుచేసిన కూలెంటే వాడాలి. రాగి, అల్యూమినియం పార్టులు ఒకే లూప్‌లో కలపొద్దు, తుప్పు పడుతుంది.

ఎయిర్ కూలర్‌ను.. అదే, మనం గదిలో పెట్టుకునే నీళ్ల కూలర్‌ను పీసీకి ఎదురుగా పెట్టే అలవాటు కూడా ఉంది. గది చల్లబడితే చిప్‌కు మంచిదే. కానీ ఆ తడి గాలి, తుంపర్లు నేరుగా క్యాబినెట్‌లోకి వెళ్తే బోర్డు మీద తేమ, ఉప్పు చేరతాయి. కొంచెం దూరంగా, పక్కకు తిప్పి పెట్టండి, కిటికీ తెరిచి ఉంచండి.

యాసంగి వరి కోతల టైమ్‌లో దుమ్ము ఎలా ఉంటుందో తెలిసిందే. రేడియేటర్ రెక్కల మధ్య అది పేరుకుంటే ఎంత ఖర్చు పెట్టిన కూలర్ అయినా ఉత్తదే. నెలకోసారి సిస్టమ్ ఆఫ్ చేసి, ప్లగ్ తీసి బ్లోయర్‌తో ఊదండి. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోవడం మర్చిపోవద్దు.