డేవిడ్ నుండి దామెర్ల వరకు

రేడియోలో చిత్రమును చూపజాలము, మాటలతో చెప్పగలము. కావున ఐరోపా చిత్రకళలో వచ్చిన మార్పును తెలుపుటకు మేము ముఖ్యముగా రెండు చిత్రములను ఎన్నుకొంటిమి.

మొదటిది ఫ్రెంచి చిత్రకారుడు డేవిడ్ 1784లో వ్రాసిన ‘హొరేషియస్ సోదరుల ప్రతిజ్ఞ’. మూడు కమానుల ముందు తండ్రి మూడు కత్తులు ఎత్తి పట్టినాడు. ముగ్గురు కొడుకులు చేతులు చాచి, రోమునకై ప్రాణమిత్తుమని ప్రమాణము చేయుచున్నారు. స్త్రీలు ఒక ప్రక్క దుఃఖముతో వ్రాలియున్నారు. అంతయు నాటకరంగమువలె స్పష్టము, గీత చెదరదు, కన్నీటికి మూలనే చోటు. గ్రీకు, రోమను కళలను ఆదర్శముగా గొన్న ఈ పద్ధతిని నవ్యసంప్రదాయమందురు.

రెండవది 1819లో పారిస్ ప్రదర్శనమునకు వచ్చిన జెరికో చిత్రము ‘మెడూసా తెప్ప’. 1816లో మెడూసా అను ఫ్రెంచి ఓడ ఆఫ్రికా తీరమున ఇసుకతిప్పకు తగిలెను. పడవలలో చోటు చాలక సుమారు 150 మందిని తెప్పపై ఎక్కించి, పిదప ఆ తెప్పను సముద్రమునకే వదలిరి. పదుమూడవ దినమునకు మిగిలినది పదునైదుగురు. జెరికో బ్రదికినవారిని కలిసికొని మాటలాడెను. ఆసుపత్రికి పోయి మరణించుచున్నవారి ముఖములను పరిశీలించెను. ఈ చిత్రమున రాజు లేడు, ఖడ్గము లేదు. దూరపు ఓడకు గుడ్డ విసరుచున్న నల్లజాతి మనుష్యుడే అందరికంటె పైన నిలిచినాడు.

నడుమ గడచినవి ముప్పదియైదేండ్లు. విప్లవము వచ్చెను, నెపోలియను లేచి పడెను. ప్రతిజ్ఞల వెల యెంతయో జనులు కన్నులార చూచిరి. చిత్రకారుని దృష్టి ఆదర్శకార్యమునుండి మనిషి లోని భయమునకు, ఆశకు మరలెను. ఇదియే కాల్పనికోద్యమము. తెప్ప మీది ఒక మనిషికి నమూనాగా కూర్చున్న దెలాక్రా తరువాత రంగునే ప్రధానము చేసికొనెను.

చుండూరు వంటి మన ఊళ్లలో పాత ఇండ్ల గోడలపై చూచిన రవివర్మ అచ్చుబొమ్మలను తలచుకొన్నచో మొదటి పద్ధతి కొంత బోధపడును. ఆయన తైలవర్ణ విద్య ఐరోపాదే. రెండవ దానికి మన దగ్గరి పోలిక రాజమహేంద్రవరమున దొరకును. 1897లో జన్మించిన దామెర్ల రామారావు కళాశాలాధ్యక్షుడు కూల్డ్రే ప్రోత్సాహమున బొంబాయి జే.జే. కళాశాలలో చదివిరి. బుద్ధుని కథలో అందరికిని తోచునది సన్న్యాసము. ఆయన మనసు పడినది ‘సిద్ధార్థ రాగోదయము’. తెలుగున భావకవిత్వము వెల్లివిరియుచున్న దినములవి. కూల్డ్రే శిష్యుడే యగు అడివి బాపిరాజు కవియు, చిత్రకారుడును.

ఒక భేదము మాకు మిక్కిలి ముచ్చట గొలుపును. గీతపై తిరుగుబాటుగా దెలాక్రా రంగును పట్టినాడు; దామెర్ల ఐరోపా వెలుగునీడలను నేర్చియు అజంతా గీత వైపు మరలిరి. దారులు ఎదురెదురు, వెదకినది మాత్రము భావమునే.

1925లో, ఇరువదియెనిమిదేండ్లు నిండకయే, దామెర్ల మరణించిరి. ఆయన చిత్రములు రాజమహేంద్రవరమున ఆయన పేరిటి చిత్రశాలలో ఉన్నవి.