ప్రయాణంలో మందుల పెట్టె చల్లగా ఉండాలంటే

వేసవి వచ్చిందంటే మన కవరైపేట్టై, పొన్నేరి, గుమ్మిడిపూండి వైపు కుటుంబాలు ప్రయాణాలు కడతాయి. కొందరు తిరుమలకు, కొందరు నాగూరుకు వెళ్తారు. మొహర్రం నెలలో నెల్లూరు బారాషహీద్ దర్గా రొట్టెల పండుగకు వెళ్లేవారు మరికొందరు. నలుగురైదుగురు కలిసి వ్యాను మాట్లాడుకుంటారు. దారిలో తినడానికి పులిహోర, పెరుగన్నం కట్టుకుంటారు. ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవారుంటే ఇన్సులిన్ కూడా వెంట ఉండాలి. ఆ ఇన్సులిన్‌ను దేనిలో పెట్టి తీసుకెళ్తున్నారు? ఎప్పుడైనా ఆలోచించారా?

"వ్యానులో ఫ్రిజ్ ఉందండీ, అందులో పెట్టేస్తాం" అని చాలామంది ధీమాగా చెబుతారు. పొరపాటు అక్కడే మొదలవుతుంది. బండిలోని ఫ్రిజ్ అయినా, థర్మాకోల్ పెట్టె అయినా, ఇంట్లో సిద్ధం చేసిన చల్లదనాన్ని నిలబెట్టడానికే బాగా పనికొస్తుంది. వేడి వస్తువును దారిలో చల్లబరచడం దానికి చాలా కష్టం. చల్లదనాన్ని ఇంటినుంచే మోసుకెళ్లాలి.

యునాని ఏమంటుంది?

యునాని వైద్యంలో ఆరోగ్యానికి ఆరు ఆధారాలు చెబుతారు. వీటినే అస్బాబె సిత్తా జరూరియా అంటారు. గాలి, అన్నపానీయాలు, శరీర శ్రమ-విశ్రాంతి, మానసిక శ్రమ-విశ్రాంతి, నిద్ర-మెలకువ, మలమూత్రాదుల విసర్జన-నిలుపుదల. ప్రయాణంలో ఈ ఆరూ ఒకేసారి తారుమారవుతాయి. అందుకే ఇబ్నె సీనా తన 'అల్ కానూన్' గ్రంథంలో ప్రయాణికుల కోసం ప్రత్యేకంగా అధ్యాయాలు రాశారు. ఎండలో వెళ్లేవారు తల కప్పుకోవాలని, ఊరు మారినప్పుడు నీటి విషయంలో జాగ్రత్త పడాలని, నీటిని వడగట్టి, కాచి తాగాలని వెయ్యేళ్ల క్రితమే చెప్పారు.

చల్లదనాన్ని నిలబెట్టే విద్య కూడా పాతదే. అక్బర్ కొలువులో సూరేకారం కలిపిన నీళ్లలో తాగునీటి సీసాను తిప్పి చల్లబరిచేవారని అబుల్ ఫజల్ 'ఆయినె అక్బరీ'లో రాశారు. సూరేకారం నీటిలో కరిగేటప్పుడు వేడిని లాగేసుకుంటుంది. ఈ సూరేకారాన్నే యునాని గ్రంథాల్లో శోరా అనే మాటతో చూస్తాం.

మంచుగడ్డ చెప్పే పాఠం

మద్రాసు మెరీనా ఒడ్డున ఉన్న ఐస్ హౌస్‌ను మీలో చాలామంది చూసే ఉంటారు. ఇప్పుడది వివేకానందర్ ఇల్లం. ఫ్రెడరిక్ ట్యూడర్ అనే అమెరికా వ్యాపారి అక్కడి చెరువుల్లో గడ్డకట్టిన మంచును ఓడల్లో తెచ్చి నిల్వ చేయడానికి 1842లో కట్టిన భవనం అది. అంతకుముందు 1833లో ఆయన ఓడ బోస్టన్ నుంచి కలకత్తాకు సుమారు 180 టన్నుల మంచుతో బయలుదేరి, నాలుగు నెలలు ప్రయాణించింది. చేరేసరికి ఇంకా 100 టన్నుల దాకా మిగిలే ఉంది! ఆ ఓడలో యంత్రం ఏదీ లేదు. గడ్డలను సందు లేకుండా పేర్చారు. చుట్టూ వేడి చొరబడకుండా రంపపు పొట్టు వంటివి దట్టించారు. దారిలో తెరవలేదు. అంతే.

మన పళవేర్కాడు చేపల వ్యాపారులు చేసేదీ ఇదే. థర్మాకోల్ పెట్టెలో మంచు, చేప, మళ్లీ మంచు, మూత బిగింపు. మీ మందుల పెట్టెకూ ఇదే సూత్రం. ఒక్క తేడా మాత్రం ఉంది. చేపకు మంచు తగలాలి, ఇన్సులిన్‌కు మంచు తగలకూడదు.

ఒక చిన్న లెక్క చూడండి. కిలో మంచు కరగాలంటే 80 కిలో కేలరీల వేడి కావాలి. 35 డిగ్రీల నీటిని లీటరు చొప్పున 5 డిగ్రీలకు దించాలంటే 30 కిలో కేలరీలు తీయాలి. అంటే మూడు లీటర్ల వేడి నీళ్ల సీసాలు పెట్టెలో పడేస్తే కిలో మంచు వాటికే సరిపోదు. ఇక మందులకు మిగిలేదేముంది? అందుకే నీళ్లు, పెరుగు, పండ్లరసం ముందురోజే ఇంటి ఫ్రిజ్‌లో పెట్టి, చల్లబడ్డాకే పెట్టెలో సర్దండి.

బండిలోని ఫ్రిజ్‌లు మూడు రకాలు

మొదటిది కంప్రెసర్ ఫ్రిజ్. ఇది ఇంటి ఫ్రిజ్ లాంటిదే, 12 వోల్టుల బ్యాటరీతో నడుస్తుంది. మూడింటిలో నమ్మదగినది ఇదే. అయితే ఇంజన్ ఆపి గంటలకొద్దీ నిలిపితే బండి బ్యాటరీ దిగిపోతుంది. వెనక సీటు దాకా సన్నని వైరు లాగి ఉంటే కరెంటు బలం తగ్గి ఫ్రిజ్ దానంతటదే ఆగిపోతుంది. లైటు వెలుగుతోందని నమ్మకండి. లోపల చిన్న థర్మామీటరు పెట్టి చూడండి.

రెండోది సిగరెట్ లైటర్ సాకెట్‌కు తగిలించే చవక రకం. లోపల చిన్న ఫ్యాను తిరుగుతుంటుంది. ఇది బయటి వేడికన్నా సుమారు 15 నుంచి 20 డిగ్రీలు మాత్రమే తగ్గించగలదు. బయట 40 ఉంటే లోపల 20 దాకా ఉంటుంది. కూల్‌డ్రింక్‌కు చాలు. తెరవని ఇన్సులిన్‌కు చాలదు.

మూడోది కారవాన్లలో ఉండే గ్యాస్ ఫ్రిజ్. సినిమా షూటింగుల పుణ్యమా అని కారవాన్ అనే మాట మనకు కొత్త కాదు. కేరళ ప్రభుత్వం 2021లో కారవాన్ పర్యాటక విధానం ప్రకటించాక కుటుంబాలు కూడా వీటిపై ఆసక్తి చూపుతున్నాయి. ఈ రకం ఫ్రిజ్‌ను 1922లో స్వీడన్‌లో ఇద్దరు విద్యార్థులు, ఫాన్ ప్లాటెన్, మున్టర్స్ కనిపెట్టారు. ఇందులో మోటారు ఉండదు. అమ్మోనియా ద్రావణాన్ని వేడిచేస్తే అది ఆవిరై, మళ్లీ ద్రవమై, గొట్టాల్లో తిరుగుతూ చల్లబరుస్తుంది. ద్రవం తన బరువుతోనే కిందికి పారాలి కాబట్టి బండిని వాలుగా నిలిపితే ఫ్రిజ్ పని చేయదు. దీన్ని ముందురోజు రాత్రే ఇంటి కరెంటుకు తగిలించి చల్లబరచాలి. దారిలో బ్యాటరీ మీద అది ఆ చల్లదనాన్ని కాపాడుతుందంతే. గ్యాస్ మంట మాత్రం బండి కదిలేటప్పుడు వద్దు. పెట్రోలు బంకు దగ్గరైతే అసలే వద్దు.

ఏది చల్లగా ఉండాలి, ఏది అక్కర్లేదు?

అన్నీ ఫ్రిజ్‌లో కుక్కితే ఏదీ చల్లబడదు. ముందు ఏరుకోండి.

తేనె, చక్కెర పాకంతో చేసిన మాజూన్, ఖమీరా, షర్బత్ వంటివి పాకం బలంతోనే నిలుస్తాయి. నీడలో, మూత బిగించి, తడి చెంచా తగలకుండా ఉంచితే చాలు. తేనె, సిర్కాతో చేసే సికంజబీన్ కూడా అంతే. చూర్ణాలకు, మాత్రలకు తేమ తగలకూడదు. కాబట్టి మంచుపెట్టెలో పెట్టడం వల్ల నష్టమే ఎక్కువ. జోషాందా (కషాయం) మాత్రం కాచిన రోజే తాగాలి. ప్రయాణంలో సామాగ్రిని పొడిగా తీసుకెళ్లి, చేరినచోట కాచుకోండి.

పెరుగన్నం, పాలు, మాంసం కూరలు చల్లగానే ఉండాలి. వండిన ఆహారం బయట రెండు గంటలకు మించి ఉండకూడదు. ఎండ 32 డిగ్రీలు దాటితే గంటే గడువు. పులిహోర చింతపండు పులుపు వల్ల కొంత నయమే కానీ, అదీ రోజంతా కాదు.

ఇన్సులిన్ విషయంలో రాజీ లేదు

తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వాడుకలో ఉన్న సీసా లేదా పెన్ను, చాలా రకాలలో 25 నుంచి 30 డిగ్రీల లోపు ఉంటే సుమారు నాలుగు వారాలు పనిచేస్తుంది. మీ మందు పెట్టెలోని కాగితం మీద కచ్చితమైన గడువు రాసి ఉంటుంది, చదవండి. వేడికి చెడిన ఇన్సులిన్ చూడటానికి మామూలుగానే ఉండవచ్చు. సూది వేసుకున్నారు, కానీ షుగర్ తగ్గదు. కారణం తెలియక రెండో మోతాదు వేసుకుంటారు. ప్రమాదం అదే. గడ్డకట్టిన ఇన్సులిన్‌ను కరిగించి వాడకూడదు, పారేయాలి.

అందుకని ఇలా చేయండి:

1. ఇన్సులిన్‌ను చిన్న పొడి డబ్బాలో పెట్టి, దాన్ని తువ్వాలులో చుట్టి పెట్టె మధ్యలో ఉంచండి. ఐస్ ప్యాక్ దాన్ని నేరుగా తాకకూడదు.

2. మంచులో ఉప్పు వేయకండి. ఉప్పు మంచు సున్నాకన్నా కిందికి దిగి మందును గడ్డకట్టిస్తుంది.

3. తినుబండారాలకు ఒక పెట్టె, మందులకు వేరే పెట్టె పెట్టండి. పిల్లలు పదేపదే తెరిచే పెట్టెలో మందు ఉంచకండి.

4. ముక్కల మంచుకన్నా పెద్ద గడ్డ నెమ్మదిగా కరుగుతుంది. పెట్టెలో ఖాళీ ఉంటే గుడ్డతో నింపండి.

5. ఆపిన కారులో, డాష్‌బోర్డు మీద, డిక్కీలో మందులు వదలకండి. ఎండలో కారు లోపల వేడి బయటికన్నా చాలా ఎక్కువ.

6. బస చేసినచోట ఫ్రిజ్ లేకపోతే మట్టికుండలో తడి ఇసుక పోసి, మధ్యలో మందు డబ్బాను తడవకుండా ఉంచండి. కొన్ని డిగ్రీలు తగ్గుతుంది. అయితే పొన్నేరి, పళవేర్కాడు తీరంలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి, నీరు నెమ్మదిగా ఆవిరవుతుంది, చల్లదనం తగ్గుతుంది. ఇది వాడుకలో ఉన్న సీసాకు ఆసరా మాత్రమే, ఫ్రిజ్‌కు బదులు కాదు.

గంటలు రెట్టింపు లెక్కేయండి

ఇక్కడి నుంచి నెల్లూరు సుమారు 135 కిలోమీటర్లు. మూడు గంటల్లో చేరిపోతామనుకుంటాం. 2024 అక్టోబర్ 11 రాత్రి మైసూరు-దర్భంగా బాగ్మతి ఎక్స్‌ప్రెస్ మన కవరైపేట్టై స్టేషన్‌లోనే ఆగి ఉన్న గూడ్సును ఢీకొంది. బోగీలు పట్టాలు తప్పాయి. ప్రయాణికులను చెన్నైకి చేర్చి ప్రత్యేక రైల్లో పంపాల్సి వచ్చింది. ఈ మార్గంలో ఎన్నో రైళ్లు రద్దయ్యాయి, దారి మళ్లాయి. ఆ రాత్రి బయలుదేరినవారెవరూ అలా జరుగుతుందని అనుకోలేదు. కాబట్టి మీ ప్రయాణం ఎన్ని గంటలో, దానికి రెట్టింపు గంటలకు సరిపడా మంచు, రెట్టింపు మందు పెట్టుకోండి. ఇన్సులిన్‌ను రెండు భాగాలు చేసి ఇద్దరి సంచుల్లో ఉంచండి. డాక్టరు చీటీ, గ్లూకోజు, షుగర్ చూసే యంత్రం చేతిసంచిలోనే ఉండాలి.

చివరిగా ఒక మాట. షుగర్ ఉన్నవారు "ప్రయాణమే కదా, నాలుగు రోజులు ఇన్సులిన్ మాని యునాని మందుతో గడుపుదాం" అనుకోవద్దు. మాజూన్‌లో, షర్బత్‌లో తేనె, చక్కెర ఉంటాయి. ఏ హకీమూ మీ ఇన్సులిన్ మాన్పించి దారిన పంపడు. సందేహం ఉంటే రాయపురంలోని ప్రాంతీయ యునాని పరిశోధన సంస్థ వైద్యులనో, మీ సొంత డాక్టరునో బయలుదేరే ముందే అడగండి. పెట్టె సర్దాల్సింది ప్రయాణం రోజు ఉదయం కాదు, ముందురోజు రాత్రే. క్షేమంగా వెళ్లి రండి.