ఈసీయూ పోయిందంటే వెంటనే నమ్మేయకండి: బండి పెట్రోల్ లెక్క ఇలా నడుస్తుంది

ఫోన్ కొనేటప్పుడు ప్రాసెసర్ ఏంటి, ర్యామ్ ఎంత అని పది వీడియోలు చూస్తాం. రోజూ నడిపే స్కూటర్‌లో కూడా ఒక కంప్యూటర్ ఉందని చాలామందికి దాని రిపేర్ బిల్లు చేతికొచ్చాకే తెలుస్తుంది. అదే ఈసీయూ. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 రూల్స్ వచ్చాక కొత్త బైకులు, స్కూటర్లలో కార్బ్యురేటర్ దాదాపు పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చేసింది. మన దేశంలో 2006లోనే హీరో హోండా గ్లామర్‌లో ఇది ఇచ్చారు కానీ, అప్పట్లో రోడ్డు మీద అలాంటి బండ్లు అరుదు.

సింపుల్‌గా చెప్పాలంటే, పెట్రోల్ విషయంలో ఈసీయూ చేసే పని ఒక్కటే. ఇంజెక్టర్ అనే చిన్న వాల్వ్‌ని ఎంతసేపు తెరిచి ఉంచాలో డిసైడ్ చేయడం. ట్యాంక్‌లో ఉన్న పంపు పెట్రోల్‌ని దాదాపు ఒకే ప్రెజర్‌తో పంపుతుంది కాబట్టి, టైమ్ పెరిగితే పెట్రోల్ పెరుగుతుంది. ఐడిల్‌లో ఈ టైమ్ రెండు మూడు మిల్లీసెకన్లు ఉంటుంది. మీ 120 హెర్ట్జ్ స్క్రీన్ మీద ఒక ఫ్రేమ్ ఉండే టైమే 8 మిల్లీసెకన్ల పైన, అంటే ఎంత చిన్న లెక్కో చూడండి.

మరి ఆ టైమ్ ఎలా తెలుస్తుంది? ఒక గ్రాము పెట్రోల్ సరిగ్గా కాలాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. లోపలికి ఎంత గాలి వెళ్లిందో తెలిస్తే పెట్రోల్ లెక్క తేలిపోతుంది. చిన్న బండ్లలో సాధారణంగా గాలిని నేరుగా కొలవరు, అంచనా వేస్తారు. ఇంజిన్ ఎంత స్పీడ్‌లో తిరుగుతోందో క్రాంక్ సెన్సర్ చెప్తుంది. యాక్సిలరేటర్ ఎంత తిప్పారో థ్రాటిల్ సెన్సర్, లోపలికి వెళ్లే గాలి ప్రెజర్ ఎంతో మ్యాప్ సెన్సర్ చెప్తాయి. ఈ నంబర్లు పట్టుకుని, కంపెనీ ముందే నింపి పెట్టిన టేబుల్‌లోంచి ఈసీయూ ఒక బేస్ టైమ్ తీసుకుంటుంది. మనం కోడ్‌లో రాసుకునే లుకప్ టేబుల్ లాంటిదే, కొత్త మాయేం లేదు.

దానికి కరెక్షన్లు కలుపుతుంది. ఇంజిన్ చల్లగా ఉంటే పెట్రోల్ సరిగ్గా ఆవిరి కాదు, కాబట్టి ఎక్కువ పోస్తుంది. బ్యాటరీ వీక్ అయితే ఇంజెక్టర్ తెరుచుకోవడం లేటవుతుంది, ఆ లేటునీ కలుపుతుంది. మంచి స్పీడ్‌లో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే చాలా బండ్లలో పెట్రోల్ పూర్తిగా ఆగిపోతుంది. తార్నాక ఫ్లైఓవర్ దిగేటప్పుడు బైక్‌ని న్యూట్రల్‌లో వేసి పెట్రోల్ మిగిల్చామనుకునేవాళ్లు ఇది గమనించాలి. న్యూట్రల్‌లో ఐడిల్‌కి పెట్రోల్ పోయాల్సిందే, గేర్‌లో ఉంటేనే కట్ అవుతుంది.

ఇంజిన్ వేడెక్కాక సైలెన్సర్ పైపులో ఉన్న ఆక్సిజన్ సెన్సర్ రంగంలోకి దిగుతుంది. పొగలో ఆక్సిజన్ మిగిలితే అది తక్కువ వోల్టేజ్ చూపిస్తుంది, మిగలకపోతే 0.9 వోల్ట్ దగ్గరికి వెళ్తుంది. మధ్యలో 0.45 చుట్టూ ఊగుతూ ఉండేలా ఈసీయూ పెట్రోల్‌ని కొంచెం పెంచుతూ, కొంచెం తగ్గిస్తూ ఉంటుంది. ఈ20 పెట్రోల్‌ని కొత్త బండ్లు కొంతవరకు సర్దుకోవడానికి కారణం ఇదే. ఇథనాల్‌కి గాలి తక్కువ చాలు, 14.7 బదులు సుమారు 9. అదే టైమ్‌కి అదే పెట్రోల్ పోస్తే గాలి మిగిలిపోతుంది, సెన్సర్ అది పట్టుకుని టైమ్ పెంచమంటుంది. కార్బ్యురేటర్ బండికి ఈ తెలివి లేదు. అలాగని మైలేజ్ తగ్గదని కాదు. ఇథనాల్ అసలు కలపని పెట్రోల్‌తో పోలిస్తే ఒక లీటర్ ఈ20లో శక్తి ఆరేడు శాతం తక్కువ, ఆ లోటుని ఏ సాఫ్ట్‌వేరూ పూడ్చలేదు.

సెన్సర్ అబద్ధం చెప్తే?

ఓయూలో పీహెచ్‌డీ చేస్తున్న మా ఫ్రెండ్ ఒకడు సెకండ్ హ్యాండ్‌లో బీఎస్6 స్కూటర్ కొన్నాడు. కొన్ని నెలలకి మైలేజ్ పడిపోయింది, పెట్రోల్ వాసన, ప్లగ్ తీస్తే మసి. డ్యాష్‌బోర్డ్ మీద ఇంజిన్ లైట్ మాత్రం వెలగలేదు. దగ్గర్లోని మెకానిక్ "ఈసీయూ ఖరాబైంది అన్నా, కొత్తది వేస్తే తప్ప లాభం లేదు" అని ఏడెనిమిది వేలు చెప్పాడు. స్టైపెండ్ మీద బతికేవాడికి అది చిన్న మాట కాదు.

నా దగ్గర ఉన్న బ్లూటూత్ ఓబీడీ డాంగిల్‌కి ఆరు పిన్నుల అడాప్టర్ పెట్టి ఫోన్‌లో లైవ్ డేటా చూశాం. ఏప్రిల్ ఎండలో ఆర్ట్స్ కాలేజీ నుంచి తార్నాక దాకా రెండు రౌండ్లు కొట్టి వచ్చాక ఇంజిన్ ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. స్క్రీన్ మీద ఇంజిన్ టెంపరేచర్ 11 డిగ్రీలు! ఈ సెన్సర్ చల్లబడే కొద్దీ రెసిస్టెన్స్ పెరుగుతుంది. దాని కనెక్టర్ పిన్నుకి పచ్చగా చిలుము పట్టి అదనపు రెసిస్టెన్స్ చేరింది, దాన్నే ఈసీయూ చలి అనుకుంది. వైర్ పూర్తిగా తెగిపోయి ఉంటే విలువ హద్దు దాటేది, లైట్ వెలిగేది. 11 డిగ్రీలు ఎక్కడో ఒకచోట ఉండే వాతావరణమే కదా, అందుకే నమ్మేసింది. ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని ఎక్కువ పెట్రోల్ పోస్తూ, ఆక్సిజన్ సెన్సర్ మాట వినడమే మానేసింది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి పిన్ను రుద్దితే సరిపోయింది. ఈసీయూ తనకి ఇచ్చిన నంబర్ల ప్రకారం లెక్క కరెక్ట్‌గానే వేసింది.

కాబట్టి ఈసీయూ మార్చాలని ఎవరైనా అంటే ముందు రెండు అడగండి: ఫాల్ట్ కోడ్ ఏమొచ్చింది, లైవ్ డేటాలో ఏ విలువ తేడాగా ఉంది. వాటికి సమాధానం లేకుండా బోర్డు మార్చమంటే ఇంకో షాపు చూసుకోవడం మంచిది. డాంగిల్ కొన్ని వందల్లో దొరుకుతుంది కానీ కొనేముందు మీ మోడల్‌కి కనెక్టర్, యాప్ సపోర్ట్ ఉన్నాయా చూసుకోండి, అన్ని బండ్లకీ పనిచేయదు. ఇక అదే సాకెట్‌లో పెడితే మైలేజ్ పెరుగుతుందని అమ్మే చిప్‌ల జోలికి మాత్రం వెళ్లకండి. విప్పి చూసినవాళ్లకి వాటిలో చాలావరకు ఎల్‌ఈడీలు వెలిగించే చిన్న సర్క్యూట్ తప్ప ఏమీ కనిపించలేదు.