తొక్కేది కాళ్లు... తిమ్మిరి చేతులకు!

ఆదివారం వస్తే సైకిలెక్కి యాభై, వంద కిలోమీటర్లు చుట్టి వచ్చేవాళ్లు మన ఊళ్లలోనూ ఎక్కువయ్యారు. కాళ్లు నొప్పెడతాయని అందరికీ తెలుసు, దానికి సిద్ధపడే బయల్దేరతారు. ఎవరూ ఊహించనిది చేతుల్లో పుట్టే తిమ్మిరి. దానికి విరుగుడు ఖరీదైన గ్లౌజులేనని చాలామంది నమ్మకం. అది సగమే నిజం!

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ దారి ఉంది. సోలార్ పలకలే పైకప్పుగా వేసిన ఈ దారిని 2023లో ప్రారంభించారు. తెల్లవారకముందే అక్కడ సైకిళ్లు బారులు తీరతాయి. విశాఖలో ఆర్కే బీచ్ నుంచి భీమిలి వైపు వెళ్లే రోడ్డుమీదా అంతే. నెత్తిన హెల్మెట్, చేతులకు గ్లౌజులు, హ్యాండిల్ మీదికి వంగిన నడుము. వీళ్లలో కాస్త దూరాలు తొక్కేవాళ్లను కదిపితే దాదాపు ఒకే కథ చెబుతారు. మొదటి అరగంటా ఏమీ ఉండదు. ఇరవై కిలోమీటర్లు దాటాక చిటికెన వేలు చిమచిమలాడుతుంది. నలభై దగ్గరికొచ్చేసరికి ఆ వేలు ఉందో లేదో తెలియదు. గేరు మార్చబోతే మీటను నొక్కినట్టే అనిపించదు. ఇంటికొచ్చి తాళంచెవి తిప్పాలన్నా, చొక్కా బొత్తాం పెట్టుకోవాలన్నా వేళ్లు మాట వినవు. రెండుసార్లు చెయ్యి విదిలించి, వేడి కాఫీ గ్లాసు పట్టుకుని, అంతటితో మర్చిపోతారు. మళ్లీ వారం మళ్లీ అదే.

విదిలిస్తే పోతోంది కదా అని తేలిగ్గా తీసుకోవడమే ఇక్కడ తప్పు.

ఏ వేలికొచ్చింది?

మోచేతి చివర గోడకో తలుపుకో తగిలితే కరెంటు షాక్ కొట్టినట్టు జివ్వుమంటుంది. ఆ అనుభవం లేనివాళ్లుండరు. అక్కడ తగిలేది అల్నార్ అనే నరానికి. అదే నరం ముంజేతి వెంట దిగి, మణికట్టు దగ్గర చిటికెన వేలి వైపున్న రెండు చిన్న ఎముకల మధ్య నుంచి అరచేతిలోకి వస్తుంది. ఆ సన్నని సందును 1861లో వర్ణించింది ఫ్రెంచి సర్జన్ గుయోన్. ఆయన పేరుతోనే దాన్ని గుయోన్ కెనాల్ అంటారు. పెడళ్ల సైకిలు ఇంకా సరిగా రోడ్డెక్కని రోజులవి. ఆ సందు మీదే మనుషులు గంటల తరబడి బరువు మోపి ఊరేగుతారని ఆయన అనుకుని ఉండడు!

హ్యాండిల్ మీద వాలినప్పుడు అరచేతి మడమ భాగం ఆ నరాన్ని అదుముతుంది. గతుకుల రోడ్డయితే ప్రతి కుదుపూ ఓ సుత్తిదెబ్బే. చిటికెన వేలు, ఉంగరపు వేలిలో సగభాగం మొద్దుబారేది అందుకే. డాక్టర్లు దీన్ని హ్యాండిల్‌బార్ పాల్సీ అంటారు. అలాకాక బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు తిమ్మిరెక్కితే నొక్కుకుపోతున్నది మరో నరం. దాని పేరు మీడియన్. మణికట్టును వెనక్కి వంచి పట్టుకునేవాళ్లకు ఈ బాధ ఎక్కువ. కంప్యూటర్ల ముందు పనిచేసేవాళ్ల నోట వినిపించే కార్పల్ టన్నెల్ సమస్య కూడా ఈ నరానిదే. కాబట్టి తిమ్మిరి వచ్చిందనగానే ముందు చూసుకోవాల్సింది ఏ వేళ్లకు వచ్చిందన్నది.

ఇది ఏ కొద్దిమందికో వచ్చేదీ కాదు. 25 మంది సైకిలిస్టులను 600 కిలోమీటర్ల ప్రయాణానికి ముందూ తర్వాతా పరీక్షించిన ఓ అధ్యయనం 2003లో అమెరికా వైద్య పత్రికలో వచ్చింది. వాళ్లలో 23 మందికి చేతుల్లో తిమ్మిరో, పట్టు తగ్గడమో, రెండూనో కనిపించాయి.

పట్టు తగ్గడం అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. గుయోన్ సందులో అల్నార్ నరం రెండు పాయలవుతుంది. ఒకటి చర్మానికి స్పర్శనిస్తుంది, రెండోది అరచేతిలోని చిన్న చిన్న కండరాలను ఆడిస్తుంది. రెండో పాయ ఒక్కటే నలిగితే తిమ్మిరి అసలు తెలియకపోవచ్చు. బలం మాత్రం నెమ్మదిగా జారిపోతుంటుంది. చిటికెలో పట్టుకునే పనులన్నీ... పెన్ను, సూది, తాళంచెవి... ఆ కండరాల చలవే మరి.

నాన్నగారి సైకిలుకి లేని బాధ

పాత అట్లాస్, హెర్క్యులిస్ సైకిళ్ల మీద పాల క్యాన్లు కట్టుకుని, బియ్యం మూటలు వేసుకుని రోజూ మైళ్లకు మైళ్లు తొక్కినవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. గ్లౌజుల పేరైనా వాళ్లకు తెలియదు. అయినా చేతులు మొద్దుబారాయన్న మాట వాళ్ల నోట పెద్దగా వినం. వాళ్ల చేతులేమీ ఉక్కుతో చేసినవి కావు. ఆ సైకిలు హ్యాండిల్ ఎత్తుగా, దగ్గరగా, రెండు కొనలూ మనవైపు తిరిగి ఉంటుంది. నడుము నిటారుగా ఉంటుంది. ఒంటి బరువంతా సీటు మీదే! చేతులకున్న పని దిశ మార్చడం, బ్రేకు వేయడం, మధ్యమధ్యలో బెల్లు కొట్టడం.

రేసు తరహా రోడ్డు బైకు సంగతి వేరు. గాలి తగలకుండా ముందుకు వంగాలి కాబట్టి హ్యాండిల్ కిందికీ దూరానికీ వెళ్లింది. బరువులో కొంత చేతుల మీదికి వచ్చింది. ఆ కొంత ఎంత అన్నదాని మీదే తిమ్మిరి ఆధారపడి ఉంటుంది. గ్లౌజులు కొనేముందు సైకిలును సరిచేయాలనేది అందుకే. దీనికి అయ్యే ఖర్చు కూడా దాదాపు సున్నా.

మొదట సీటు. దాని ముందు కొన ఏమాత్రం కిందికి వాలినా మనిషి తెలియకుండానే ముందుకు జారుతుంటాడు. ఆ జారుడును ఆపేది అరచేతులే. మేస్త్రీలు వాడే రసమట్టం సీటు మీద పెట్టి చూస్తే వాలు ఇట్టే తెలిసిపోతుంది. ఫోనుల్లోనూ ఆ సదుపాయం ఉంటుంది. సీటు మట్టంగా ఉండాలి. మార్చాల్సి వస్తే ఒకేసారి ఎక్కువ తిప్పకుండా కాస్త కాస్తగా మార్చి, రెండు మూడు రోజులు తొక్కి చూడాలి.

తర్వాత దూరం. సీటుకీ హ్యాండిల్‌కీ మధ్య ఎడం ఎక్కువైతే మోచేతులు కర్రల్లా బిగుసుకుంటాయి. బిగుసుకున్న చేయి రోడ్డు కుదుపునంతా నేరుగా మణికట్టుకి, అక్కడి నుంచి మెడకీ అందిస్తుంది. కొంచెం వంగిన మోచేయి స్ప్రింగులా పనిచేస్తుంది. హ్యాండిల్‌ను ఫ్రేముకు కలిపే స్టెమ్ పొట్టిది వేయించినా, దాని కింద స్పేసర్లు ఉంటే వాటితో హ్యాండిల్ ఎత్తు పెంచినా తేడా అదే రోజు తెలుస్తుంది. అసలు ఫ్రేమే పెద్దదైతే మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు. 'పెరుగుతాడులే' అని పిల్లాడికి రెండు సైజులు పెద్ద చెప్పులు కొన్నట్టు సైకిలు కొనే తల్లిదండ్రులు ఇక్కడ కాస్త ఆలోచించాలి.

మూడోది గాలి. టైరు రాయిలా గట్టిగా ఉంటేనే వేగం అన్నది పాత నమ్మకం. టైరు మీద రాసి ఉన్న గరిష్ఠ పరిమితి దాకా కొట్టించాలన్న నియమమేమీ లేదు. తొక్కేవాళ్ల బరువును బట్టి, రాసి ఉన్న కనిష్ఠం కంటే దిగకుండా కాస్త తగ్గిస్తే చేతులు హాయిగా ఉంటాయి. ఫ్రేములో చోటుంటే 23 మిల్లీమీటర్ల టైరు బదులు 28 వేయించుకోవడం ఇంకా మంచిది.

మందంగా ఉంటే మంచిదా?

ఇక గ్లౌజులు. దుకాణంలో కొన్ని వందల నుంచి కొన్ని వేల రూపాయల దాకా కనిపిస్తాయి. ఎక్కువమంది చేసే పని ఒకటే... బొటనవేలితో మెత్తను నొక్కి చూసి, ఏది ఎక్కువ దిగితే అది బుట్టలో వేసుకోవడం. సోఫా కొనేటప్పుడు పనికొచ్చే పద్ధతి అది!

మందమైన జెల్ వల్ల పట్టు పెద్దదవుతుంది. చేతికి హ్యాండిల్ సరిగా అందక మరింత బిగించి పట్టుకుంటారు. పైగా మెత్త ముద్దకట్టి సరిగ్గా నరం మీదే ఒత్తే ప్రమాదం ఉంది. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 36 మంది సైకిలిస్టుల అరచేతుల కింద ఒత్తిడిని కొలిచి 2011లో ఫలితాలు ప్రకటించారు. మెత్తలున్న గ్లౌజులు అల్నార్ నరం ఉన్నచోట ఒత్తిడిని 10 నుంచి 28 శాతం దాకా తగ్గించాయి. అందులోనూ పలుచని ఫోమ్‌దే కాస్త పైచేయి. అంటే గ్లౌజు వల్ల ఉపయోగం ఉంది, కానీ మిగతా డెబ్బయి శాతం పైచిలుకు ఒత్తిడి అలాగే ఉంది. గ్లౌజులు సగమే విరుగుడన్నది అందుకే. హ్యాండిల్ కింది వంపును పట్టుకున్నప్పుడు ఒత్తిడి అన్నిటికన్నా ఎక్కువని కూడా ఆ పరిశోధనలోనే తేలింది.

మెత్త ఎక్కడుందన్నది దాని మందం కంటే ముఖ్యం. చిటికెన వేలి వైపు అరచేతి మడమ దగ్గర ఉండాలి. వేసుకుని పిడికిలి బిగించండి. దుకాణంలోనే ఉన్న ఏదో ఒక సైకిలు హ్యాండిల్ పట్టుకుని ఒక నిమిషం దానిమీద వాలండి. అమ్మేవాళ్లు ఏమీ అనుకోరు. మడతలు పడినా, కుట్టు గుచ్చుకున్నా, వేళ్ల మొదళ్ల దగ్గర బిగుతుగా ఉన్నా ఆ జత వద్దు. సైజు కోసం బొటనవేలు వదిలేసి, వేళ్ల కణుపుల మీదుగా అరచేతి చుట్టుకొలత తీసుకుని, కంపెనీ పట్టికతో పోల్చుకోవాలి. వదులైతే లోపల జారి బొబ్బలొస్తాయి. బిగుతైతే, తిమ్మిరి పోగొట్టడానికి కొన్నదే తిమ్మిరి తెప్పిస్తుంది. మణికట్టు దగ్గర వెల్క్రో పట్టీని గట్టిగా లాగి కట్టేవాళ్లదీ అదే పరిస్థితి.

మన ఎండలకు సగం వేళ్ల గ్లౌజులే హాయి. వెనకవైపు గాలాడే జాలీ గుడ్డ, బొటనవేలి మీద చెమట తుడుచుకోవడానికి తువ్వాలు లాంటి ముక్క ఉంటే మే నెలలో వాటి విలువ తెలుస్తుంది. ఒకవేళ పడితే ముందు ఆనేది అరచెయ్యే కాబట్టి, తిమ్మిరి సమస్య లేనివాళ్లకూ గ్లౌజులు అవసరమే.

రోడ్డెక్కాక

ఎంత సరిచేసుకున్నా ఒకే భంగిమలో రెండు గంటలు ఉంటే ఏ నరమూ ఊరుకోదు. రోడ్డు బైకు హ్యాండిల్ మీద చేతులు పెట్టడానికి మూడు చోట్లున్నది అలంకారానికి కాదు. అయిదారు నిమిషాలకోసారి చోటు మార్చాలి. అడ్డకర్రలా తిన్నని హ్యాండిల్ ఉండే హైబ్రిడ్ సైకిళ్లకు ఈ వెసులుబాటు తక్కువ. వాటికి వెడల్పుగా రెక్కలా ఉండే గ్రిప్పులు, కొనల్లో చిన్న కొమ్ములు బిగించుకోవచ్చు. మణికట్టు ముంజేతికి తిన్నగా ఉండాలి. పట్టు ఎంత వదులుగా అంటే, ఖాళీ రోడ్డు మీద వేళ్లతో హ్యాండిల్ మీద తాళం వేయగలిగేంత. పొట్ట, నడుము కండరాలు బలంగా ఉంటే చేతుల మీద వాలే అవసరమే తగ్గుతుంది. ఆ బలం ఇంట్లో చాప మీద తెచ్చుకోవాల్సిందే.

దూరాలు తొక్కే బ్రెవే ప్రయాణాల్లో ఇవన్నీ మర్చిపోతుంటారు. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటల గడువు. గడియారం చూసుకుంటూ తొక్కేవాళ్లు చేతుల మాట వినరు. ఫ్రాన్స్‌లో నాలుగేళ్లకోసారి జరిగే ప్యారిస్-బ్రెస్ట్-ప్యారిస్‌కు గడువు 90 గంటలు, దూరం దాదాపు 1200 కిలోమీటర్లు. అలాంటి ప్రయాణాల తర్వాత వారాల తరబడి వేళ్లకు స్పర్శ పూర్తిగా తిరిగిరానివాళ్లూ ఉన్నారు.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు?

దిగాక కొన్ని నిమిషాల్లో, మహా అయితే ఆ రోజుకి పోయే తిమ్మిరికి సైకిలును సరిచేసుకుంటే చాలు. మర్నాటికీ ఉంటే తొక్కడం ఆపి విశ్రాంతి ఇవ్వాలి. రెండు వారాలైనా తగ్గకపోయినా, బలం తగ్గినట్టు అనిపించినా న్యూరాలజిస్టును కలవాలి. ఇంట్లో చేసుకోగల చిన్న పరీక్ష ఒకటుంది. బొటనవేలికీ చూపుడు వేలి పక్కకీ మధ్య ఓ కాగితం పట్టుకుని, ఇంకొకరిని లాగమనండి. బొటనవేలి కొన కణుపు వంచితే తప్ప కాగితం నిలవకపోతే అల్నార్ నరం దెబ్బతిన్నట్టు అనుమానించాలి. వేళ్లను ఎడంగా చాపలేకపోవడం, బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య కండ గుంటపడటం కూడా అలాంటి సూచనలే. అప్పుడు రెండు వారాలు కూడా ఆగక్కర్లేదు. నరంలో కరెంటు ఎంత వేగంగా పోతుందో కొలిచే పరీక్షతో ఎక్కడ నొక్కుకుందో చాలావరకు తెలుస్తుంది.

సైకిలు ఎక్కని రోజుల్లోనూ తిమ్మిరి వస్తుంటే, పాదాల్లో కూడా ఉంటే, నేరం సైకిలు మీదికి నెట్టకూడదు. షుగరు, థైరాయిడ్, బి12 లోపం, మెడ దగ్గర నరం నొక్కుకోవడం... ఇవన్నీ వేళ్లలో ఇలాగే కనిపిస్తాయి. షుగరున్నవాళ్ల నరాలు ఒత్తిడికి మరింత త్వరగా లొంగుతాయి కాబట్టి, డాక్టరు సలహాతో సైకిలు మొదలుపెట్టిన మధ్యవయసు వాళ్లు మొదటి తిమ్మిరి నాడే ఆయనకు చెప్పాలి.

గ్లౌజులను ప్రతి రెండు మూడు సవారీలకోసారి వెల్క్రో మూసి, చల్లటి నీళ్లలో చేత్తో ఉతికి నీడన ఆరేయాలి. ఎండలో వేస్తే మెత్త త్వరగా గట్టిపడుతుంది. నొక్కి వదిలితే తిరిగి పైకి లేవని మెత్త ఇక పనిచేయదు. అప్పుడు కొత్త జత కొనాల్సిందే.